వాడుక పరిమితులు

ఆటోనగర్ షెడ్డులో
ఆ కారు చూసేసరికి పదకొండయింది.
బానెట్ మడిచిన చాపలా ఉంది.
కుడి దీపం వైరు పట్టుకుని వేలాడుతోంది.
నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీశాను,
ఛాసిస్ నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాను.
డిక్కీ తెరవకుండా ఉండాల్సింది.

తెరిచాను. అదే నా ఉద్యోగం.

లోకప్పుకి సాంబారు.
ఎండి, పగుళ్లిచ్చి,
ఆవగింజలు చీమల్లా అతుక్కుని.
స్టెప్నీ గుంతలో ములక్కాడ ముక్కలు.
అరవై క్యారియర్లు
మెకానిక్ కుర్రాడు గోడవారన పేర్చాడు.
ఒక్కో గిన్నె మీదా మేకుతో గీసిన పేరు:
బి షిఫ్టు, గొల్లవిల్లి.
బి షిఫ్టు, ల్యాబ్ మేడమ్, కారం తక్కువ.

కర్రి నూకరత్నం గారు స్టూలు మీద కూర్చుని
కుడిచేతి కట్టు మీద వాలిన ఈగని
ఎడంచేత్తో తోలుకుంటున్నారు.
కూర్మన్నపాలెం నుంచి పరవాడ మందుల కంపెనీలకి
మూడేళ్లుగా ఇదే దారి, ఇదే వేళ.
లంకెలపాలెం కూడలిలో బొగ్గులారీ
ఇండికేటర్ వెయ్యకుండా తిరిగింది.
ఆగలేదు. నెంబరు ఎవరూ చూళ్లేదు.
తప్పు లారీదే. అదీ రాశాను.

పాలసీ కాగితం నా ఫైల్లో ఉంది.
మూడో పేజీ, నూకంత అక్షరాలు.
అద్దెకు తిప్పరాదు.
నమూనాలూ సొంత సామానూ తప్ప
సరుకు మొయ్యరాదు.
చదివి వినిపించాను.
ఆ పేజీ చదివేటప్పుడు నా గొంతు
నాకే ఎవరిదోలా ఉంటుంది.

"సరుకేటండి బాబూ?" అందావిడ.
"అన్నాన్ని సరుకంటారేటి?"

నా దగ్గర జవాబుంది,
ఇరవై రెండేళ్ల సర్వీసు అరగదీసిన జవాబు.
చెప్పకుండా లోపల్లోపల లెక్క మొదలెట్టాను.
తన కోసం ఒక క్యారియరు, సొంత సామాను.
పరవాడలో పనిచేసే తమ్ముడికి ఇంకోటి, అదీ ఇంటిదే.
రుచి చూడమని తమ్ముడి పక్క మిషను వాడికిచ్చింది నమూనా.
వాడే మర్నాడు,
నెలాఖర్న డబ్బులిస్తాను, రోజూ తెమ్మన్నాడు.
ఎన్నో గిన్నె దగ్గర
వంట వ్యాపారమైంది?
తెల్ల ప్లేటు
ఏ స్పీడు బ్రేకరు దాటుతుంటే పసుపెక్కింది?

"ఏజెంటుకి తెలుసును సార్.
ఆదివారం ఆళ్లింటికీ పంపేను, కోడిపలావు."

ఏజెంటు ఫోను ఎత్తలేదు.
పసుపు ప్లేటుకి మారితే ఎంత కట్టాలో
అప్పుడడిగింది. చెప్పాను.
వేళ్ల మీద లెక్కేసుకుంది,
కట్టులోంచి కనబడే రెండు వేళ్లు కూడా కలుపుకుని.
"క్యారియరుకి రెండ్రూపాయలు పెంచితే సరిపోయీది.
ఎవులూ సెప్పలేదు."

వాణిజ్య వినియోగం అని రాశాను.
కింద ఆవిడ ఎడంచేత్తో సంతకం పెట్టింది.
పేరులోని రత్నం
గీత దాటి కిందికి జారిపోయింది.

షీలానగర్ దగ్గర పోర్టు లారీల వెనక ఇరుక్కున్నాను.
అద్దం మీద బొగ్గుపొడి.
పెన్ను జారి సీట్ల మధ్య పడింది.
చెయ్యి పెడితే పెన్ను దొరకలేదు.
ఒక ఎర్ర క్లిప్పు, ఏ ఏడేళ్ల పిల్లదో.
నాకు ఆడపిల్లల్లేరు.
దాని కింద నాలుగు బొర్రా గుహల టిక్కెట్లు.

ఆదివారాలు మా బావమరిది బండి అడుగుతాడు.
అరకు బావా, సరదాకి, అంటాడు.
సోమవారం పొద్దున ఫోన్లో
టింగుమని రెండు వేలు పడతాయి.
పెట్రోలుకేమో అనుకుంటాను.
ఇరవై రెండేళ్ల అనుభవంతో అనుకుంటాను.

అనంతగిరి ఘాట్‌లో
ఏ మలుపులో ఎన్ని బళ్లు లోయలోకి చూశాయో
నా ఫైళ్లలోనే ఉంది.

వెనక లారీ హారన్ కొట్టింది.
క్లిప్పు జేబులో వేసుకున్నాను.
మళ్లీ తీసి డాష్‌బోర్డు మీద పెట్టాను.
చొక్కా చేతికి సాంబారు వాసన పట్టేసింది.
ఇంగువ కాస్త ఎక్కువే వేస్తుందావిడ.

రెండయింది.
ఆకలేస్తోంది.